'బహుళ వినియోగం'లో కార్మికుని వాటా ఎంత?

నగరం నుండి కర్మాగారాలు వెళ్ళిపోవాలని కోరేవారు పూర్వం ఆ మాట సూటిగానే అనేవారు. ఇప్పుడు అనరు. 'బహుళ వినియోగ మండలం' అంటారు. ఒకే ఆవరణలో నివాస భవనాలు, దుకాణ సముదాయాలు, కార్యాలయాలు, హోటళ్ళు, పాఠశాలలు, ఆసుపత్రులు, ఉద్యానవనాలు! వీటిలో దేనిని కాదనగలం? కార్మికుడు మాత్రం ఆసుపత్రి వద్దంటాడా, బడి వద్దంటాడా? అయితే ఆ జాబితాను మరొకసారి చదివి చూడవలసిందిగా మిత్రులను కోరుతున్నాను. ఏ పని కోసం ప్రభుత్వం ఆ భూమిని సేకరించి చౌకగా పారిశ్రామికవేత్తల చేతికిచ్చిందో ఆ ఒక్క పనికి, అనగా వస్తూత్పత్తికి, అందులో చోటు లేదు. అన్ని వినియోగాలూ వచ్చి చేరుతాయి. వెళ్ళిపోయేవి లేతు మిషను, దాని ముందు ఇరవై ఏళ్ళుగా నిలబడిన మనిషి.

2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాదు పారిశ్రామిక భూముల మార్పిడి విధానాన్ని ప్రకటించింది. ఔటర్ రింగు రోడ్డు లోపల, దానికి ఆనుకుని ఉన్న 22 పారిశ్రామిక వాడలు, సుమారు 9,292 ఎకరాలు దీని పరిధిలోకి వస్తాయి. నాచారం, ఉప్పల్, మౌలాలి, బాలానగర్, జీడిమెట్ల, పటాన్‌చెరు వంటి పేర్లు మన సంఘాల చరిత్రలో ఎన్ని గేటు మీటింగులతో ముడిపడి ఉన్నాయో చెప్పనక్కరలేదు. రిజిస్ట్రేషను విలువలో 30 శాతం, పెద్ద రోడ్డు ప్రక్కన ఉంటే 50 శాతం రుసుము చెల్లించినవారికి ఆ భూమిని బహుళ వినియోగానికి మార్చుకునే హక్కు లభిస్తుందన్నది విధాన సారాంశం. రిజిస్ట్రేషను విలువకూ బజారు విలువకూ ఎంత తేడా ఉంటుందో స్థలం కొనబోయి తిరిగివచ్చిన ప్రతి గుమాస్తాకూ తెలుసు.

దీనిపై శాసనసభ లోపలా వెలుపలా పెద్ద దుమారమే లేచింది. లక్షల కోట్ల కుంభకోణమని ప్రతిపక్షం అన్నది. ఖజానాకు ఆదాయమని, కాలుష్య నివారణ అని ప్రభుత్వం అన్నది. ఇరుపక్షాల వాదమూ ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఈ భూమి విలువలో యజమానికెంత, ప్రభుత్వానికెంత? ఆ షెడ్లలో పనిచేసేవారు ఎందరు, వారు ఏమవుతారు అనే ప్రశ్న ఆ రభసలో వినిపించలేదు. ఆ ప్రశ్న మనం వేయకపోతే వేసేవారు లేరు.

ఈ నాటకం శ్రామికవర్గానికి కొత్తది కాదు. దీని మొదటి ప్రదర్శన బొంబాయిలో జరిగింది. అందులో మన తెలుగువారు ప్రేక్షకులు కారు, పాత్రధారులే. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుండి మగ్గం వదలి వెళ్ళిన పద్మశాలీలు వర్లీ, లోయర్ పరేల్, ప్రభాదేవి ప్రాంతాలలోని చాళ్ళలో కాపురాలు పెట్టి, అక్కడి నూలు, నేత శాఖలలో తరతరాలు పనిచేశారు. మరాఠీలో గిరణీ అంటే మిల్లు. మిల్లుల పేరనే ఆ ప్రాంతమంతా గిరణ్‌గావ్, మిల్లుల ఊరు అయింది. 58 మిల్లులు, సుమారు 600 ఎకరాల నేల. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ సమ్మె ఎందుకు విఫలమైంది, నాయకత్వపు ఎత్తుగడలలో లోపాలేమిటి అనే చర్చ నలభై ఏళ్ళుగా సాగుతూనే ఉన్నది. ఆ చర్చలోకి ఇక్కడ దిగను. సమ్మె తరువాత లక్షకు పైగా కార్మికులు తిరిగి పనిలోకి పోలేకపోయారు. నేతపని భివండీ మరమగ్గాల షెడ్లకు, సంఘాలు లేని చోటికి తరలింది. ఆ భివండీలోనూ మనవారే తక్కువ కూలికి మగ్గాలు నడిపారు. మన ఈ వ్యాసానికి కావలసింది ఆ తరువాతి కథ, నేల కథ.

1991లో బొంబాయి నగరాభివృద్ధి నియమాలలో 58వ నియమం చేర్చారు. మిల్లు యజమాని భూమిని అభివృద్ధి చేయదలచుకుంటే ఒక వంతు ఉద్యానవనాలకూ ప్రజావసరాలకూ నగరపాలక సంస్థకు, మరొక వంతు సామాన్యుల ఇళ్ళకు రాష్ట్ర గృహనిర్మాణ సంస్థకు ఇచ్చి, మిగిలిన వంతు తాను ఉంచుకోవాలి. అమ్మకపు సొమ్ము విడి ఖాతాలో ఉండి, మిల్లు పునరుద్ధరణకూ కార్మికుల బకాయిలకూ ఖర్చు కావాలి. కాగితం మీద ఇది చెడ్డ నియమం కాదు. నాడు కొందరు నాయకులు దీనిని విజయమనే భావించారు. 1996లో చార్లెస్ కొరియా అనే సుప్రసిద్ధ వాస్తుశిల్పి అధ్యక్షతన, ఈ భూములన్నిటినీ కలిపి ఒక ప్రణాళిక తయారుచేయమని ప్రభుత్వమే సంఘాన్ని నియమించింది.

యజమానులు తొందరపడలేదు. పదేళ్ళు కాచుకున్నారు. 2001లో అదే నియమాన్ని సవరించారు. మూడు వంతుల పంపకం మిల్లు ఆవరణలోని యావత్తు భూమికి కాదు, కట్టడాలు లేకుండా ఖాళీగా ఉన్న భూమికి మాత్రమే వర్తిస్తుందన్నారు. నేత మిల్లు ఎలా ఉంటుందో చూసినవారికి ఈ మాయ అర్థమవుతుంది. ప్రహరీ లోపల ఎటు చూసినా షెడ్లే. ఖాళీ అన్నది పొగగొట్టం చుట్టూ, గోదాము వెనుక, సైకిళ్ళ స్టాండు ప్రక్కన మిగిలిన కాస్త. షెడ్డును రేపు యజమాని కూలగొట్టినా, ఆ నేల లెక్కకు ఖాళీ కాదు! పర్యావరణ పరిరక్షకులు న్యాయస్థానానికి వెళ్ళగా 2005లో బొంబాయి హైకోర్టు ప్రజల వాటాను నిలబెట్టింది. 2006 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసి సవరణనే ఖాయం చేసింది. రెండున్నర లక్షల మంది ఏడాదికి పైగా చేసిన సమ్మె తెచ్చిపెట్టలేని దానిని యజమానులు ఒక్క విశేషణంతో సాధించుకున్నారు. గెజిట్‌లో అచ్చయ్యే ఒక చిన్న మాటను చిన్న మాటగా చూడరాదని మన శాఖల కార్యదర్శులకు పదే పదే చెప్పేది ఇందుకే.

తరువాత ఏమైంది? కేంద్ర ప్రభుత్వరంగ సంస్థయైన జాతీయ జౌళి సంస్థ 2005లో తన మిల్లులను వేలం వేసింది. లోయర్ పరేల్‌లోని ముంబయి టెక్స్‌టైల్ మిల్లుకు చెందిన 17 ఎకరాలను డి.ఎల్.ఎఫ్. కంపెనీ 702 కోట్లకు పాడుకున్నది. ఏడేళ్ళు గడిచాయి. 2012లో అదే నేలను లోధా కంపెనీకి 2,727 కోట్లకు అమ్మింది. ఏడేళ్ళలో రెండు వేల కోట్లకు పైగా పెరిగిన ఆ విలువను ఏ మగ్గం నేసింది? ఏ కార్మికుడు ఏ షిఫ్టులో ఉత్పత్తి చేశాడు? యజమాని సామర్థ్యం, సాహసం అని పత్రికలు పొగిడే గుణాలు ఇందులో ఎక్కడ ఉన్నాయో అర్థశాస్త్రం చదివిన నాకైతే కనబడదు. నగరమంతా కలిసి పెంచిన విలువ అది. రైలు మార్గం వేసినవారు, నీటి గొట్టాలు వేసినవారు, రోడ్లు ఊడ్చినవారు, ఆ ప్రాంతాన్ని ప్రాంతంగా నిలబెట్టిన లక్షలాది కుటుంబాలు కలిసి పెంచిన విలువ.

అదే 2012లో, సమ్మె మొదలైన ముప్పై ఏళ్ళకు, మిల్లు కార్మికుల ఇళ్ళకు మొదటి లాటరీ తీశారు. ఇళ్ళు 6,925. దరఖాస్తులు లక్షకు పైగా. ఇల్లు 225 చదరపు అడుగులు, వెల ఏడున్నర లక్షలు. హక్కుగా రావలసిన దానిని లాటరీగా మార్చడంలోనే ఒక అవమానమున్నది. అదైనా దక్కినవారు అదృష్టవంతులనుకున్నారు. మిగిలినవారికి ఇటీవలి కాలంలో వంగణి, శేలు అనే చోట్ల ఇళ్ళు చూపించారు. అవి దాదాపు రెండు గంటల రైలు ప్రయాణ దూరంలో ఉన్నాయి. నగరం కట్టినవాడికి నగరం చివర దాటిన తరువాత చోటు! కార్మికులు, వారి వారసులు ఆ ఇళ్ళు మాకు వద్దని 2025లో వీధికెక్కారు.

ఇక ఇరుగుపొరుగు మాట. గిరణ్‌గావ్ వీధులలో ఖానావళీలు ఉండేవి. ఇంట్లో నాలుగు పొయ్యిలు పెట్టుకుని, ఊళ్ళో కుటుంబాలను వదలి వచ్చిన మిల్లు కార్మికులకు నెల లెక్కన అన్నం వండిపెట్టే స్త్రీలు నడిపినవి. ఈ స్త్రీలు వడ్డీ వ్యాపారుల చేతుల్లో నలిగిపోతుంటే, కార్మికోద్యమంలో పనిచేసిన ప్రేమా పురావ్ 1975లో అన్నపూర్ణ మహిళా మండలిని స్థాపించి వారికి బ్యాంకు అప్పులు ఇప్పించింది. మిల్లు మూతబడితే ఏ పద్దులోనూ ఆ వంటమనిషి పేరుండదు. ఆమె ఏ యాజమాన్యానికీ ఉద్యోగిని కాదు గనుక ఆమెకు నష్టపరిహారమూ లేదు. కాని మిల్లు గేటు మూసిన రోజున ఆమె పొయ్యి కూడ ఆరిపోయింది. మంగలి, సైకిలు రిపేరువాడు, కూరగాయల బండివాడు, పిల్లలకు పాఠాలు చెప్పే మాస్టరు, అందరి కథా అంతే.

వారి స్థానంలో వచ్చినవేమిటి? గాజు గోడల కార్యాలయాలు, అంగడి సౌధాలు, మద్యశాలలు. మిల్లు కార్మికుని కొడుకు అదే ఆవరణలో గేటు దగ్గర కాంట్రాక్టు కాపలాదారు అయినాడు. ఉపాధి వచ్చింది కదా అంటారు. వచ్చింది. తండ్రికి పర్మనెంటు ఉద్యోగం, ప్రావిడెంటు ఫండు, సంఘం ఉండేవి. కొడుకుకు యూనిఫారం ఉన్నది.

2017 సెప్టెంబరు 29న ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు స్టేషను పాదచారుల వంతెన మీద జరిగిన త్రొక్కిసలాటలో 23 మంది చనిపోయారు. మిల్లుల చుట్టుప్రక్కలే నివసించి నడిచి పనికి వచ్చే జనం ఉన్న కాలపు స్టేషను అది. ఆ మిల్లుల స్థానంలో వెలసిన కార్యాలయాలకు దూరప్రాంతాల నుండి ప్రతి ఉదయం రైళ్ళలో వచ్చి దిగే జనసమూహం ఆ ఇరుకు మెట్ల మీద పడింది. అంతస్తులకు అనుమతులిచ్చినవారు వంతెన వెడల్పు చూడలేదు. సరిగా మూడు నెలలకు, డిసెంబరు 29న, కమలా మిల్స్ ఆవరణలోని రెస్టారెంట్లలో అగ్నిప్రమాదం జరిగి 14 మంది చనిపోయారు. బహుళ వినియోగమంటే కొత్తగా వచ్చినవారికైనా క్షేమమని మనం అనుకోరాదు. లాభం కోసం నేలను పిండేవాడు కొనుగోలుదారును కూడ కార్మికుని చూసినట్లే చూస్తాడు.

మన తెలుగునాట కూడ ఉదాహరణకు కొదవ లేదు. 1934లో వరంగల్లులో స్థాపించిన ఆజం జాహీ మిల్లు ఎంతటి పేరుగన్నదో పెద్దలకు తెలుసు. ఆ మిల్లు నేల చివరకు ఇళ్ళ ప్లాట్లయింది.

ఇప్పుడు హైదరాబాదు శివార్లకు వద్దాం. ప్రభుత్వం చెప్పే కారణం కాలుష్యం. ఒకప్పుడు ఊరి బయట ఉన్న వాడలు ఇప్పుడు కాలనీల మధ్యకు వచ్చాయి, జనం విషవాయువు పీలుస్తున్నారు, కనుక తరలించాలి అంటారు. ఈ వాదాన్ని మనం ఎగతాళి చేయరాదు. జీడిమెట్ల, పటాన్‌చెరు ప్రాంతాల ఔషధ రసాయన కర్మాగారాలు చెరువులనూ భూగర్భజలాలనూ ఏమి చేశాయో మనకు తెలుసు. ఆ వాయువును కాలనీవాసి సాయంత్రం పీలిస్తే కార్మికుడు ఎనిమిది గంటలూ, పన్నెండు గంటలూ పీల్చాడు. కాలుష్యాన్ని రక్షించడం కార్మిక సంఘం పని కాదు. అయితే బాలానగర్‌లోని లేతు వర్క్‌షాపూ, టూల్ రూమూ ఏ చెరువును విషం చేశాయి? నాచారంలోని బట్టలు కుట్టే యూనిటు, బిస్కట్లు ప్యాకెట్లలో నింపే యూనిటు ఏ నాలాను నింపాయి? కాలుష్యమే కారణమైతే కాలుష్యం చేసే యూనిట్ల పట్టిక ఉండాలి, వాటికి గడువులుండాలి, శుద్ధి చేయనివాడికి శిక్ష ఉండాలి. ఈ విధానంలో విషం చిమ్మినవాడికీ చిమ్మనివాడికీ ఒకే బహుమతి: నేల విలువ. దశాబ్దాలు నాలాలోకి రసాయనం వదలినవాడికి ఇంతకంటె ఉదారమైన శిక్ష చరిత్రలో ఎక్కడైనా ఉన్నదా?

బాలానగర్ సంగతి మరికొంత చెప్పాలి. అది విడివిడి షెడ్ల గుంపు కాదు. 1968లో అక్కడ కేంద్ర ప్రభుత్వం టూల్ డిజైను శిక్షణ సంస్థను నెలకొల్పింది. దాని చుట్టూ వందలాది చిన్న యూనిట్లు పెరిగాయి. ఒకడు కోత కోస్తాడు, ప్రక్క సందులోనివాడు గ్రైండింగు చేస్తాడు, మూడవవాడు పూత వేస్తాడు. రక్షణ, అంతరిక్ష సంస్థలకు వెళ్ళే విడిభాగాలు ఆ సందులలోనే చేతులు మారుతాయి. పది షెడ్లు స్థలాలు అమ్ముకుంటే పదకొండవవాడు అమ్మదలచకపోయినా పని దొరకక మూయవలసి వస్తుంది. యజమానులందరూ ఒకటి కారన్నది కూడ ఇక్కడ గమనించాలి. లీజు షెడ్డులో నాలుగు మిషన్లు పెట్టుకుని తానూ పనిచేసే చిన్న యజమానికి భూమి లేదు. భూమి ఉన్నవాడు అమ్ముకుంటే అతడూ మనతోపాటు రోడ్డు మీదనే. అతనితో మనకు వేతనాల దగ్గర తగవులున్నాయి, ఉంటాయి. ఈ విషయంలో మాత్రం అతడు మన పక్షం.

తరలిస్తాం, ఔటర్ బయట భూములిస్తాం అంటారు. యంత్రం లారీ ఎక్కి పోతుంది. మల్లాపూర్‌లో రెండు వేలకో మూడు వేలకో గది అద్దెకు తీసుకుని, నడిచి పనికి వెళ్ళి, మధ్యాహ్నం బిడ్డను చూసుకుని వచ్చే స్త్రీ ఏ లారీ ఎక్కుతుంది? ఆమెకు నాచారంలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి ఉన్నది. పిల్లల బడి ఉన్నది. కొత్త చోట బస్సు కూడ ఉండదు. ఒరిస్సా, బీహారు నుండి వచ్చిన వలస కార్మికుడైతే కాంట్రాక్టరు చెప్పిన చోటికల్లా పోతాడు, పోక తప్పదు. స్థానికులను వదిలించుకుని, నోరెత్తని వారితో కొత్తగా మొదలు పెట్టే అవకాశంగా యాజమాన్యాలు ఈ తరలింపును చూస్తున్నాయన్నది నా అభిప్రాయం. భివండీలో జరిగింది అదే.

చట్టం రక్షిస్తుందా? పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం వందమంది ఉన్న కర్మాగారాన్ని మూయాలంటే ముందుగా ప్రభుత్వ అనుమతి కావలసి ఉండేది. 2025 నవంబరు 21న అమలులోకి తెచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ సంఖ్యను 300కు పెంచింది. మన శివారు వాడలలో మూడు వందల మంది ఉన్న యూనిట్లు ఎన్ని? ఒక చేత్తో మూసివేతను సులభం చేసి, అదే నెలలో మరొక చేత్తో మూసిన స్థలాన్ని బంగారం చేశారు. ఒకటి ఢిల్లీ చేయి, మరొకటి హైదరాబాదు చేయి. పార్టీలు వేరు, జెండాలు వేరు.

మూసివేతకు చట్టమిచ్చే పరిహారం ఏడాదికి పదిహేను రోజుల జీతం. ఇరవై ఏళ్ళు చేసినవాడికి 300 రోజుల జీతం. నెలకు 15,000 రూపాయలు వచ్చేవాడికి ఇంచుమించు లక్షన్నర. ఆ సొమ్ముకు అతడు నిలబడి పనిచేసిన షెడ్డు నేలలోనే ఎన్ని గజాలు వస్తాయో పాఠకులు లెక్క వేసుకోవచ్చు. ఇది పర్మనెంటు కార్మికుని లెక్క. కాంట్రాక్టు కార్మికునికి తాను ఎవరి దగ్గర పనిచేశాడో రుజువు చేసుకోవడానికే ఒక జీవితం చాలదు.

ఆ భూమి ఎవరిదన్న ప్రశ్నకు కూడ సూటిగా జవాబు చెప్పాలి. ఈ వాడలలో అధికభాగం ప్రజా ప్రయోజనమనే మాట మీద 1894 నాటి చట్టంతో రైతుల నుండి తీసుకున్నవి. 1973లో ఏర్పడిన పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ, అంతకు ముందు పరిశ్రమల శాఖ వాటిని ప్లాట్లు చేసి నామమాత్రపు ధరకు ఇచ్చాయి. ధర తగ్గించింది ఉద్యోగాలు కల్పిస్తారని. ఉద్యోగాలే పోతున్నప్పుడు ఆ తగ్గింపు ఎందుకు మిగలాలి? సేల్ డీడు రాసుకున్నాం కనుక మాదే అని యజమానులు అంటున్నారు. దస్తావేజు కాగితం మారినంత మాత్రాన రైతుకు చెప్పిన ప్రయోజనం మారదు.

అందుచేత మన కోరిక భూములు ఎప్పటికీ ఇలాగే ఉండాలని కాదు. వినియోగం మార్చుకునే అనుమతి కాగితం ఇచ్చే ముందే, ఆ యూనిటులో పనిచేసే ప్రతివారి పేరు, కాంట్రాక్టువారితో సహా, అందులో నమోదు కావాలి. వారి బకాయిలు, గ్రాట్యుటీ, పరిహారం విడి ఖాతాలో జమ అయిన తరువాతనే అనుమతి చెల్లాలి. నేలలో ఒక నిర్ణీత భాగం కార్మికుల అద్దె ఇళ్ళకు అదే వాడలో కేటాయించాలి. ఆ భాగాన్ని మొత్తం విస్తీర్ణం మీద లెక్కించాలి, ఖాళీ స్థలం మీద కాదు. కాలుష్యం చేయని చిన్న యూనిట్లు ఉన్నచోటనే ఉండే హక్కు వ్రాతపూర్వకంగా ఉండాలి. ఇళ్ళూ దుకాణాలూ కలిసి ఉండగలిగినప్పుడు ఒక లేతు షెడ్డు కలిసి ఉండలేదా? అప్పుడే కదా అది నిజంగా బహుళ వినియోగం! ఈ షరతులు ఉత్తర్వులోనే అచ్చు కావాలి. మంత్రిగారు మనకు ఇచ్చే మౌఖిక హామీకి విలువ ఎంతో బొంబాయి కార్మికులను అడగవచ్చు.

ఇందుకు ముందుగా మన దగ్గర లెక్కలుండాలి. వాడవారీగా యూనిట్ల పేర్లు, స్థలం సొంతమా లీజా, పర్మనెంటు, కాంట్రాక్టు, వలస కార్మికుల సంఖ్యలు, వారిలో స్త్రీలెందరు, సర్వీసు ఎన్నేళ్ళు, ఇంటి అద్దె ఎంత, పి.ఎఫ్. బకాయి ఎంత అన్న వివరాలతో శాఖలు పట్టికలు తయారుచేయాలి. సభ్యత్వం లేని కర్మాగారాలను వదలిపెట్టరాదు. గేటు ముందు టీ కొట్టువానిని, మెస్సు నడిపే ఆమెను కూడ అడిగి వారి పేర్లు వేరొక కాగితం మీద రాయాలి. బాలానగర్, నాచారం, జీడిమెట్ల శాఖలు ఈ పని ముందుగా చేపట్టి, పూర్తయిన పట్టికలను వాడవారీగా రాష్ట్ర కార్యాలయానికి పంపవలసిందిగా కోరుతున్నాము.